పొగతో కాపురం

లాడ్జి రెండో అంతస్తులో వేణ్ణీళ్ళక్క తువ్వాళ్ళు తడిపి, పిండి, కిటికీ సందుల్లో కుక్కుతోంది. కొండల అవతల అడవి తగలబడుతోంది. ఎదురింటి గోడ కూడా మసకగా కనిపిస్తోంది. ఒక గది పూర్తయ్యేసరికి ఆయాసం తన్నుకొస్తోంది. గడప మీద కూలబడి, పీల్చే మందు లాగి, గోడ పట్టుకుని లేచి పక్క గదికి పోతోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాడాల్సిన మందు మధ్యాహ్నానికే ఎన్నిసార్లయిందో ఆమెకే గుర్తులేదు.

గీజర్లు రాకముందు ప్రతి గదికీ వేణ్ణీళ్ళు మోసింది ఆమే. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు ఎవరైనా అడిగితే ఆమే కాస్త తడుముకునేది. పెరట్లో పెద్ద బాయిలరు, దాని నోట్లోకి కట్టెలు ఎగదోస్తూ సగం జీవితం గడిచింది. ఊపిరితిత్తులు చూసిన డాక్టరు రోజుకెన్ని కాలుస్తావని అడిగితే బండెడు అంది. ఆయన నవ్వలేదు. బీడీ ముట్టని మనిషికి ఈ జబ్బేమిటని ఆమెకు ఇప్పటికీ ఉక్రోషమే.

అయినా ఈ పొగను తిట్టడానికి మనసు రావడం లేదు. అదే వాసన. కట్టెలు తెచ్చే మనిషి బండి దింపాక, చలికాచుకుంటానని వంకపెట్టి బాయిలరు పక్కన కూర్చునేవాడు. ఎండాకాలంలో చలేమిటని ఆమె నిలదీసిన రోజునే పెళ్ళి మాట ఎత్తాడు. అతని చొక్కాలు ఎంత ఉతికినా ఈ వాసన వదిలేది కాదు. అతను పోయాక ఒక చొక్కా ఉతక్కుండా దాచుకుంది. ఏడాది తిరిగేసరికి దానికి పెట్టె వాసన పట్టింది. ఆ రోజు ఏడ్చినట్టు అతను పోయిన రోజు కూడా ఏడవలేదు. ఇన్నాళ్ళకు మళ్ళీ గాలి నిండా అతనే. గుండెల నిండా పీల్చుకోవాలని ఉంది, పీలిస్తే దగ్గు పేగులు తోడేస్తోంది. ఎంత అన్యాయం!

యజమాని మెట్లెక్కి వచ్చాడు. చిన్నప్పుడు అతనికి నీళ్ళు పోసిన చేతులు ఆమెవే. నీలిపట్టిన పెదవులు చూసి, తువ్వాలు లాక్కున్నాడు.

“ఆస్పత్రికి పోదాం పదక్కా.”

“ఈ పొగ... నాకు కొత్తా బాబూ? దీంతోనే... కాపురం చేశాను.”

ఆస్పత్రికి ఫోన్ చేస్తే మంచాలన్నీ నిండిపోయాయని, తలుపులు మూసిన గదిలో ఉంచి పొద్దున్నే తీసుకురమ్మని చెప్పారు. లాడ్జిలో గాలి శుభ్రం చేసే యంత్రం ఉన్న గది ఒక్కటే. దాన్ని రోజూ ఊడ్చింది కానీ ఒక్క రాత్రీ అందులో ఉండలేదు. గిరాకీ పోతుందని మొరాయించింది. అతను ససేమిరా వినలేదు. కిటికీ జోలికి వెళ్ళొద్దని గట్టిగా చెప్పి, పొద్దున వేణ్ణీళ్ళు తనే తెస్తానన్నాడు.

“మరీ కాగనీకు బాబూ. చన్నీళ్ళు తొలుపుకునే ఓపిక లేదు,” అంది. నవ్వబోతే దగ్గొచ్చింది.

తెల్లవారాక అతను బకెట్‌తో వచ్చి తలుపు తట్టాడు. పిలిచాడు. ఆఖరికి మారు తాళంచెవితో తెరిచాడు. గది నిండా పొగ. వేణ్ణీళ్ళక్క కుర్చీలో కూర్చునే పోయింది. ముఖంలో ఆయాసం లేదు. పక్కనే కిటికీ బార్లా తెరిచి ఉంది. బయటి చువ్వ మీద, ఎగిరిపోకుండా ముడేసి, ఆమె నీలం శాలువా ఆరేసి ఉంది, పొడిగా, పోగుపోగుకీ కట్టెపొగ వాసన పట్టి.