పడుకోని పేషెంటు

దంతవైద్య కళాశాల చివరి ఏడాదిలో ఆ అమ్మాయిని అందరూ మెషీన్ అనేవాళ్లు. చాటుగా కాదు, మొహాన్నే. ఆమె ఆ పేరుకి పలికేది కూడా. మొదటి ఏడాది నుంచీ క్లాసులో ఫస్టు ఆమే. పుస్తకంలో ఏ బొమ్మ కుడిపక్కన ఉందో, ఏది ఎడమపక్కన ఉందో కళ్లు మూసుకుని చెప్పేది. పేషెంట్లు మాత్రం ఆమె కుర్చీ దగ్గర నిలిచేవాళ్లు కాదు.

"నోట్లోకి చూస్తావు గానీ మనిషి మొహంలోకి చూడవే," అనేది వాళ్లమ్మ. ఆవిడ టైలరు. కొలతలు తీసుకుంటూనే వచ్చినవాళ్ల కాపురాలు చక్కబెట్టే మనిషి.

"మొహంలో పళ్లుండవమ్మా," అనేది కూతురు. అది జోకు కాదు.

ఆ ఏడాది ఒక మేడమ్ పరిశోధన మొదలుపెట్టింది. ఎదుటివాళ్ల మనసు తెలుసుకునే తెలివికీ, పరీక్షల్లో వచ్చే మార్కులకీ సంబంధం ఉందా అని. ప్రశ్నల కాగితాలు పంచి, మర్నాడు నింపి తెమ్మంది.

మెషీన్ చెయ్యెత్తింది. "నెగటివ్ మార్కులున్నాయా మేడమ్?"

"ఇది పరీక్ష కాదమ్మా. నీకేమనిపిస్తే అది రాయి."

"ఏ పుస్తకం చదవాలి మేడమ్?"

లైబ్రరీలో రెండున్నాయంది మేడమ్. మెషీన్ ఆ సాయంత్రమే రెండూ చదివింది. అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి.

అందరికంటే తక్కువ, క్లాసంతా 'కబుర్లు' అని పిలిచే అబ్బాయికి వచ్చాయి. వాడు ప్రతి ఏడూ గట్టెక్కడమే గగనం. వాడి కుర్చీ ముందు మాత్రం జనం బారులు తీరేవాళ్లు. 'పేషెంటు ఏడిస్తే ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకిచ్చిన జవాబులన్నీ కొట్టేసి, 'ఏమో, అప్పుడు చూడాలి' అని రాశాడట. మార్కులున్న చోటే మనసూ ఉంటుందని తేలినందుకు మేడమ్ సంతోషించింది.

చివరి ప్రాక్టికల్‌కి ఎవరి పేషెంటుని వాళ్లే తెచ్చుకోవాలి. మెషీన్‌కి దొరికింది ఒక క్రేన్ ఆపరేటరు. కింది దవడలో రెండు పళ్లు పుచ్చాయి, పూడ్చాలి. తలుపు నిండే మనిషి. కుర్చీ వెనక్కి వంచగానే, "ఫోనొచ్చిందమ్మా," అని లేచి వెళ్లిపోయేవాడు. ఫోను టేబుల్ మీదే ఉండేది. కాసేపటికి దానికోసం మళ్లీ వచ్చేవాడు.

అలా రెండోసారీ జరిగాక మెషీన్ కబుర్లుని నిలదీసింది. "నువ్వేం చెప్పి కూర్చోబెడతావురా?"

"నేనేం చెప్తాను? నాకేం వచ్చు? భయం దేనికో అడుగుతాను."

"నొప్పికి. అది తెలిసిందేగా."

"ఆయన చెప్పాడా?"

ఆయన చెప్పలేదు. ఈసారి ఫోను కోసం వచ్చినప్పుడు మెషీన్ అడిగింది, ప్రశ్న పత్రం చదివినట్టు. "మీకు భయం దేనికండీ?"

క్రేన్ ఆపరేటరు సిగ్గుపడ్డాడు. "నవ్వకూడదు మరి."

"నాకు నవ్వు రాదండీ."

"నా పనిలో నేనెప్పుడూ పైనే ఉంటానమ్మా. వేలాడే బరువు కింద మనిషి ఉండకూడదు. మా తమ్ముడున్నాడు ఒకసారి. గొలుసు తెగింది." ఆయన పైకి చూశాడు. చేటంత లైటు ఇనప చేతికి వేలాడుతోంది. "ఇక్కడ పడుకుంటే అదొక్కటే కనిపిస్తుంది."

పుస్తకాల్లో దీనికి జవాబు లేదు. మెషీన్ లైటుని గోడవైపు తోసేసింది. కుర్చీ నిటారుగా నిలిపింది. మోకాళ్ల మీద కూర్చుంది. కబుర్లుని పిలిచి చేతికి టార్చి ఇచ్చింది. పని అయ్యేదాకా క్రేన్ ఆపరేటరు కళ్లు తెరిచే ఉంచాడు. మధ్యలో ఆయన చూపు గోడవైపున్న లైటు మీదికి పోతే మెషీన్ ఆగింది. "మీ తమ్ముడి పేరేంటండీ?" అంది. నోరు నిండా దూది ఉండటంతో ఆయన చెప్పిన పేరు అర్థం కాలేదు. అయినా తలూపింది.

అది రిహార్సల్. ఆయన రెండో పుచ్చుపన్ను పరీక్షకి మిగిలే ఉంది.

పరీక్ష రోజు బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు ఆమెని చూసి ఆగిపోయాడు. "అదేం కూర్చోవడం? పేషెంటుని పడుకోబెట్టవేం?"

"ఆయన పడుకోరు సార్."

"చెప్పి చూశావా?"

"అడిగాను సార్. కారణం చెప్పారు. నాకు సరైనదే అనిపించింది."

పన్ను పూడ్చడానికి నిండా మార్కులు పడ్డాయి. పద్ధతికి సున్నా. మెషీన్ సెకండొచ్చింది.

ఆ కబురు ఇంట్లో చెప్పేసరికి కుట్టుమిషను ఆగింది. "కాసేపు ఆయన్ని పడుకోబెడితే నీ సొమ్మేం పోయేదే!" అంది ఇన్నేళ్లూ మనుషుల్ని చూడమని నెత్తీనోరూ మొత్తుకున్న అమ్మ.

కూతురు తల్లి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "కోపమొచ్చిందా?"

"లేదు."

"వచ్చింది."

"వస్తే వచ్చిందిలే. ఆ సూదిలోకి దారం ఎక్కించు, నాకు కనపడి చావట్లేదు."