బోర్డుకు ముందటి ఆదివారం

రాయమల్లు జబ్బుపడాలని అతని ఇంట్లో అందరూ కోరుకున్నారు. కొడుకు కోరుకున్నాడు. కోడలు కోరుకుంది. చనిపోయే ముందు భార్య సారక్క కూడా కోరుకుంది. ఇందులో అనుమానపడడానికి ఏమీ లేదు.

ఆ ఆదివారం కూడా అతను మొదటి షిఫ్టుకు లేచినట్టే లేచాడు. రాత్రి మిగిలిన అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుని, పొయ్యి దగ్గర నిలబడే తిన్నాడు. సారక్క పోయినప్పటి నుంచి అతను కూర్చుని తినడం మానేశాడు. లోపలి గదిలో కిషన్, యమున ఇంకా నిద్రలోనే ఉన్నారు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, సైకిలు తీసుకుని బయటపడ్డాడు. క్వార్టర్ల మీద బొగ్గు పొయ్యిల పొగ, మంచు కలిసి కిందికి దిగి ఉన్నాయి.

మర్నాడు మెడికల్ బోర్డు. బొగ్గుబాయిలో దిగే మనిషి ఇక పనికి రాడని డాక్టర్లు రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అయితే రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలి ఉండగానే రాయాలి. రాయమల్లుకు ఆ గడువు ఈ నెలతో దాటిపోతుంది; ఇదే ఆఖరి బోర్డు. నడుం నొప్పి ఉంది, బీపీ ఉంది. బోర్డు ఏమంటుందో ముందుగా ఎవరికీ తెలియదు. కానీ బోర్డుకు పోయేవాడు ఎట్లా ఉండాలో మాత్రం గోదావరిఖనిలో ప్రతి క్వార్టరుకూ తెలుసు. మెల్లగా నడవాలి. మెట్ల మీద ఆగాలి. బజారుకు పోతే కొడుకు భుజం పట్టుకోవాలి.

రాయమల్లు నలభై రెండు కిలోమీటర్లు ఉరకడానికి పోతున్నాడు.

పొద్దున నడిచేవాళ్లంతా కలిసి పెట్టిన చిన్న పోటీ అది. సెంటినరీ కాలనీ దగ్గర మొదలై, ఊళ్ల మధ్య సన్నని రోడ్ల మీద పడి, రామగిరి గుట్టల వెంట ఎక్కి దిగి, మళ్లీ అక్కడికే రావాలి. నర్సు రాజకుమారి అతని బనీనుకు నంబరు గుడ్డ పిన్నీసులతో తగిలించింది.

"బీపీ గోలి ఏసుకున్నవా కాకా?"

"ఏసుకున్న."

"ఎంట ఎవలన్న ఉన్నరా?"

"లేరు."

రాయమల్లు పొట్టి మనిషి. మెడ లావు. నుదుటి మీద, ముంజేతుల మీద పాతదెబ్బల్లో బొగ్గు దిగబడి నీలంగా మిగిలిన మచ్చలు. గని కప్పు కూలకుండా కింద ఆసరా నిలబెట్టే పని అతనిది. మొదట్లో దుంగలు, తర్వాత ఇనుప బోల్టులు. మనిషి వంగి చేసే పని. ఉరికేటప్పుడు కూడా తలమీద కప్పు ఉన్నట్టే కొంచెం వంగి ఉరుకుతాడు.

సారక్క పోయాక సాయంత్రాలు ఇంట్లో ఉండలేక నడవడం మొదలుపెట్టాడు. ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట చుట్టూ నడిచాడు. కొన్నాళ్లకు నడక చాల్లేదు. ఉరికాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడు కాదు.

కుర్రవాళ్లు ముందుకు పోయారు. పత్తిచేలు దాటాక రోడ్డు మీద అతనొక్కడే మిగిలాడు. కంకరతేలిన ఎక్కుడు. టేకు ఆకులు రోడ్డు పక్కన ఎండి చప్పుడవుతున్నాయి. ఊపిరి ఒక లెక్కలో పడ్డాక దవాఖాన గుర్తుకొచ్చింది. మంచం పట్టుకుని సారక్క అన్న మాట: "ఇగ నువ్వు అన్‌ఫిట్ అయిపో." అంతకంటే మాట్లాడే ఓపిక ఆమెకు లేకపోయింది. అతను లేచి గోలీలు తేవడానికి పోయాడు. పెద్దకర్మ తెల్లారి కిషన్ బోర్డు దరఖాస్తు ముందర పెడితే సంతకం చేశాడు. చేసినందుకు తనను క్షమించుకోలేదు. చేయించినందుకు కొడుకును అసలే క్షమించలేదు.

సగం దారిలో, బడి గోడ పక్కన నీళ్ల బల్ల దగ్గర కరీం కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే షిఫ్టు. మోకాళ్లు పోయి కరీం అన్‌ఫిట్ అయ్యాడు; ఇప్పుడు అతని కొడుకు నౌమాన్ బాయిలో దిగుతున్నాడు.

"రేపు బోర్డు, గియ్యాల ఉరుకుడా? డాక్టరుకు ఏం జెప్తవ్ రా భాయ్?"

"ఉరికొచ్చిన అని చెప్త."

"నీకు బీపీ గాదు, తిక్క." కరీం ఉప్పునీళ్లు అందించాడు. "నౌమాన్ మంచోడే. అన్నం పెడ్తడు. గానీ నేను లేస్తె సాలు, అబ్బా కూసో, అబ్బా కూసో. కూసొని కూసొని కుర్సీ అయిపోయిన."

"మరి నన్నెందుకు ఆపుతున్నవ్?"

"ఆపుతలేను. నీళ్లిస్తున్న."

రాయమల్లు సగం నీళ్లు తాగి, సగం తలమీద పోసుకుని కదిలాడు.

ఆఖరి గుట్ట ఎక్కుతుండగా వెనక మోటారు సైకిలు చప్పుడైంది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది. కిషన్ బండిని మొదటి గేరులో పెట్టి పక్కనే నడిపించాడు. ముప్పై దాటిన మనిషి. కాంట్రాక్టు లారీల మీద తిరిగి తిరిగి కళ్లకింద నల్లబడి ఉన్నాడు.

"బండెక్కు బాపు."

రాయమల్లు ఉరుకుతూనే ఉన్నాడు. నడుంలో మేకు దిగినట్టుంది.

"ఆడ పేపరాయన ఫోటోలు దీస్తుండు. నీ మొకం పడితె నా నౌకరి పాయె. గింతదూరం ఉరికినవ్, సాలదా?"

"సాలది."

"అవ్వ ఆఖరికి ఏమన్నదో మర్చినవా?"

"నన్ను రోగం తెచ్చుకొమ్మన్నది."

కిషన్ బండి ఆపేశాడు. ఇంజను ఆగిపోయాక గుట్ట మీద ఏ చప్పుడూ లేదు.

"నువ్వు గోలీలకు పోయినంక నాతోని మళ్ల మాట్లాడింది," అన్నాడు వెనకనుంచి. "నీ షిఫ్టు ఇడిసేదాక దినాం దర్వాజకాడ్నే కూసున్నదట. వస్తడా రాడా అని. నేను పోయినంక గట్ల కూసునేటోళ్లు లేరు, బాపును బాయిలకెల్లి బయటికి తియ్యి అన్నది. నౌకరి సంగతి తర్వాత మాట."

రాయమల్లు కాళ్లు ఒక్క అడుగు తప్పాయి. మళ్లీ అందుకున్నాయి.

"ఎక్కుడు మీద మాట్లాడియ్యకు," అన్నాడు.

గుట్ట దిగాడు. కాలి బొటనవేలి గోరు లేచింది. కాలనీ కనపడింది. తోరణం సగం విప్పేశారు, కుర్చీలు ఎత్తుతున్నారు. రాజకుమారి ఎదురొచ్చి మెడలో పతకం వేసింది. పేపరాయన ఫోటో తీసి అడిగాడు.

"ఏం పేరు తాతా? ఏం పనిజేస్తవ్?"

రాయమల్లు తన పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, బాయి పేరు చెప్పాడు. "రేపు మొదటి షిఫ్టు," అన్నాడు.

సోమవారం దవాఖానలో అతని పేరు పిలిచే వేళకు అతను భూమికింద ఉన్నాడు. నడుం పట్టుకుపోయి ఉంది. బోల్టు బిగించాడు, చేత్తో కప్పును తట్టి చూశాడు, ఇంకొకటి బిగించాడు.

కిషన్ గొడవ పడలేదు. ఒడిశాలో ఎవరిదో ప్రైవేటు బాయి మీద డంపర్ నడిపే పని కుదుర్చుకున్నాడు. ఆ వారంలోనే సామాను సర్దారు. యమున కొంగు సర్దుకుని, "మామా, బియ్యం డబ్బల పోసిన. పప్పు పై అరల ఉన్నది," అంది. కిషన్ సంచి భుజానికి వేసుకున్నాడు.

"పోతున్న బాపు."

"పో."

ఆటో మూలమలుపు తిరిగేదాకా రాయమల్లు గడపలో నిలబడ్డాడు. తర్వాత చీపురు తీసుకుని లోపలి గది ఊడ్చాడు. మంచం కిందనుంచి చీపురుకు ఒక అట్టపెట్టె తగిలింది. లక్ష్మీనగర్ బజారులో కొన్న, బాయిలో దిగేవాళ్లు వేసుకునే డ్యూటీ బూట్లు. నల్లటివి. అతనివి కావు, అతని పాదానికంటే పెద్దవి. మూత పెట్టి, కాలితో మళ్లీ లోపలికి నెట్టాడు.

పదిరోజుల తర్వాత టీకొట్టు దగ్గర కరీం మెల్లగా కదిపాడు. "పోరన్ని ఒకసారి పిలువరాదు. గా బోర్డు ముచ్చట..."

"నా ముందర తియ్యకు కరీం," అన్నాడు రాయమల్లు. "నేను సచ్చేదాక నేను తియ్య. నువ్వు తియ్యకు."

అతను తీయలేదు. మంచం కింద బూట్లు అట్లాగే ఉన్నాయి. తాళ్లు ఇంకా ఎక్కించలేదు. ముందుభాగంలో దుకాణంవాడు కుక్కిన కాగితపు ఉండలు కూడా లోపలే ఉన్నాయి.