ఆకుపచ్చ పొట్లం మహిమ

మా ల్యాబ్‌లో ప్రతి యంత్రం నెత్తినా ఓ ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంటుంది. దాని పేరే "బుద్ధిగా ఉండు". పసుపుది పెడితే యంత్రం మొరాయిస్తుంది, గడువు దాటింది పెడితే పగబడుతుంది. విప్పి తిన్నవాడి చదువు గోవిందా. తైవాన్‌లో, ఈ సించూ ఊళ్లో చిప్ గీసే ప్రతివాడికీ ఇది తెలుసు, థీసిస్‌లో రాయరంతే.

నా చిప్ ఫ్యాక్టరీ నుంచి రావడానికి ఐదు నెలలు పట్టింది. పనిలేనప్పుడు అది కరెంటు తాగకూడదు. నా మాస్టర్స్ మొత్తం ఆ ఒక్క ముక్క మీదే నిలబడింది. తీరా చూస్తే లెక్కకు వెయ్యి రెట్లు తాగుతోంది! గురువారం ఐదింటిలోపు మా గైడ్ లియావ్ సార్ సంతకం పెట్టకపోతే వైవా లేదు. కొత్త చిప్ గీసుకుంటూ ఇంకో ఏడాది ఇక్కడే పడుండాలి.

గురువారం మధ్యాహ్నం సార్ వచ్చి తెర మీద కరెంటు అంకె చూశారు.

"ఏంటమ్మా ఇది, చిప్పా, చిల్లుకుండా?"

"కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది సార్."

"కాగితం మీద నేనూ అందగాణ్ణే. నాలుగున్నరకి వస్తా. ఇలాగే ఉంటే కొత్తది గీసుకో."

ఏడుపొచ్చింది. కళ్లు తడిస్తే మైక్రోస్కోప్‌లో ఏమీ కనబడదని ఆపుకున్నాను.

యెన్-కై అన్నది పీహెచ్‌డీ ఆరో ఏడు, మా పొట్లాలకు పూజారి. నా యంత్రం మీది పొట్లం తేదీ చూసి గుండెలు బాదుకున్నాడు.

"తల్లీ, గడువు దాటి తొమ్మిది రోజులైందే! ఇంకేం పనిచేస్తుంది, నీ మొహం!"

"మరి నీ రెండు చిప్‌లూ ఇలాగే కారాయిగా? అప్పుడు తాజాదేగా పెట్టావు?"

"అది నా జాతకం," అన్నాడు. పాపం, ఆ రెండూ సొరుగులో పడేసి మూడోది గీస్తున్నాడు.

పరుగున వెళ్లి కొత్త పొట్లం తెచ్చాడు. చిప్ మీదికి మెడ వంచిన దీపం ఒకటి ఉంది. "ఆర్పకండి, ఆర్పితే మళ్లీ వెలగదు" అని ఎప్పుడో ఎవరో దానికి చీటీ అంటించారు. ఎవరూ ఆర్పలేదు. అన్న భక్తిగా దాని నెత్తిన పొట్లం పెట్టాడు. అది కాస్తా జారి దీపం మూతికి అడ్డంగా పడింది. చిప్ మీద చీకటి. తెర మీద అంకె పడిపోయింది.

"చూశావా మహిమ!" అంటూ మూడుసార్లు వంగి దండం పెట్టాడు.

నేను పొట్లం ఎత్తాను. అంకె లేచింది. అడ్డం పెట్టాను. పడింది.

"అన్నా, మహిమా లేదు, మట్టీ లేదు. వెలుతురు!"

మూత లేని చిప్ మీద వెలుతురు పడితే కరెంటు పుడుతుంది, డాబా మీది సోలార్ పలకలాగే. మొదటి ఏడాది పాఠం. అందులో నాకు పదికి పది వచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగున్నరకి సార్ వచ్చి, "నేనప్పుడే అనుకున్నాను," అంటూ సంతకం పెట్టారు.

ఆయన వెళ్లాక అన్న సొరుగు తెరిచాడు. రెండు పాత చిప్‌లూ అలాగే పొట్లం అడ్డం పెట్టి కొలిచాడు. రెండూ బంగారంలా ఉన్నాయి.

"ఈ రెండింటికీ మూడున్నరేళ్లు," అన్నాడు.

అన్న చీటీ వంక చూసి దీపం స్విచ్ నొక్కాడు. ఆరింది. మళ్లీ నొక్కాడు. శుభ్రంగా వెలిగింది.

అప్పుడు ఆ కొత్త పొట్లం పర్రున చింపి గుప్పెడు నోట్లో పోసుకున్నాడు.

"తినవే," అని నా వైపు చాపాడు. "కొబ్బరి రుచి. బాగానే ఉంది."