పొయ్యి ముట్టించని పొద్దు

హనుమక్క పొయ్యి దగ్గర ఓడిపోవడం కాడుగోడిలో అంతకు ముందు ఎవరూ చూడలేదు. రైల్వే స్టేషన్ పక్కన ఏళ్ళ తరబడి టిఫిను బండి నడిపిన మనిషి ఆమె. వానొస్తే గొడుగు పట్టి, గాలొస్తే అట్టముక్క అడ్డం పెట్టి, మంట ఆరనివ్వకుండా ఉగ్గాని, ఇడ్లీ, రాగిసంగటి వండి వార్చింది. ఆమె చేతి తిండి వద్దన్న మనిషి లేడు. అలాంటిది ఇప్పుడు సొంత ఇంట్లో, సొంత కోడలికి ఒక్క ముద్ద తినిపించలేకపోతోంది.

కోడలు వనజకు నాలుగో నెల. పెళ్ళయిన ఎన్నాళ్ళకో నిలిచిన కడుపు. వేవిళ్ళు ఎవరికి ఉండవు, మూడో నెల దాటితే అవే పోతాయని మొదట్లో అందరికీ ధైర్యం చెప్పింది హనుమక్కే. పోలేదు సరికదా, ఇంకా ముదిరాయి. తిరగమోత వాసనకు వాంతి. అన్నం ఉడికే వాసనకు వాంతి. పాలు కాగితే వాంతి. చివరికి ఎంతదాకా వచ్చిందంటే, వంటింట్లో లైటరు టిక్కుమంటే చాలు, ఇంకా గిన్నె కూడా పెట్టకముందే వనజ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని బాత్రూములోకి పరుగెత్తేది.

హనుమక్క ఊరుకుంటుందా? పడగ్గది తలుపు కింద తడి టవలు కుక్కింది. కిటికీలన్నీ బార్లా తీసింది. ఇంగువ మానింది, నూనె మానింది, వెల్లుల్లిని ఇంట్లోంచే వెళ్ళగొట్టింది. గంజి కాచింది, సగ్గుబియ్యం కాచింది, మజ్జిగన్నం మెత్తగా పిసికింది. ఏది పెట్టినా కాసేపు కూడా నిలవలేదు. అన్నీ తెలుసనుకునే మనిషికి ఏమీ తోచకపోతే ఎలా ఉంటుందో ఆ రోజుల్లో ఆమె ముఖం చూస్తే తెలిసేది. కొడుకు మీద అరిచేది, గిన్నెల మీద అరిచేది, పాలవాడి మీద అరిచేది.

"నీ వంట బాగలేక కాదు అత్తా" అంది వనజ ఒకరోజు, గోడకు ఆనుకుని కూర్చుని మూతి తుడుచుకుంటూ. "నాకే చేత కావడంలే."

తిట్టినా బాగుండేది. ఆ మాటకు హనుమక్క వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది.

శుక్రవారం ఆసుపత్రిలో డాక్టరమ్మ వనజను బరువు చూసే మిషను మీద నిలబెట్టి, నొసలు ముడిచింది. ఇంత తగ్గితే ఎలాగమ్మా అంది. సోమవారం మళ్ళీ రమ్మంది. అప్పటికీ ఏమీ నిలవకపోతే ఆసుపత్రిలోనే పెట్టుకుని సెలైను ఎక్కించాల్సిందేనని, తల్లి ఇలా ఎండిపోతుంటే లోపల బిడ్డ ఎన్నాళ్ళని తట్టుకుంటుందని చెప్పేసింది. ఆటోలో వస్తున్నంతసేపూ కొడుకు శివ ఆసుపత్రి చీటీని మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. ఫ్లాట్లలో కరెంటు పనులు చేస్తాడతను, మామూలుగా అయితే దారిలో కనిపించే ప్రతి బిల్డింగుకూ తనే వైరింగు చేశానని చెప్పుకునే రకం. హనుమక్క కోడలి చెయ్యి పట్టుకుంది. మణికట్టు ఎముక గుచ్చుకుంది.

శనివారం దీపాలు పెట్టే వేళకు పై అంతస్తులోంచి జరీనా దిగి వచ్చింది. కర్నూలు పిల్ల, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఒక చేతిలో ఓట్స్ ప్యాకెట్టు, ఇంకో చేతిలో మూతపెట్టిన గిన్నె నిండా కాచి చల్లార్చిన పాలు. పాలు తన ఇంట్లోనే కాచుకొచ్చింది. ఆ ఒక్క పనితోనే ఈ పిల్లకు విషయం తెలుసని హనుమక్కకు అర్థమైపోయింది.

"మా చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇదే గతి ఆంటీ" అంది జరీనా. "వేడి తిండి ఏదీ పడలేదు. ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, అయిపోయేది. చివరికి ఇదొక్కటే లోపల నిలిచింది. ఒకసారి ట్రై చేద్దాం."

హనుమక్క ప్యాకెట్టులోంచి ఇన్ని గింజలు అరచేతిలో పోసుకుని వెలుతురుకు పట్టి చూసింది. "అటుకులకు చుట్టాల్లాగ ఉండాయే. ఎంతసేపు ఉడకాల?"

"ఉడకవు ఆంటీ. పాలల్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాం. రాత్రంతా నానతాయి. పొద్దున తీసి చల్లగానే తినేయడం. ఓవర్‌నైట్ ఓట్స్ అంటారు."

"అంటే సద్దన్నమా?"

"సద్దన్నాన్ని ముందు వండుతారు కదా. దీన్ని అసలు వండరు."

వండని తిండి తిండెట్లవుతుందని హనుమక్క అడగబోయి ఆగింది. అడిగే మొహం తనకెక్కడిది? వండినవన్నీ ఏమయ్యాయో చూస్తూనే ఉంది. సీసాలో ఓట్స్ పోసింది, పాలు పోసింది, రెండు చెంచాల పెరుగు వేసింది, అరటిపండు చిదిమి కలిపింది. అలవాటు కొద్దీ చెయ్యి ఏలకుల డబ్బా మీదికి పోయింది. జరీనా ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు ఆంటీ. ఏ వాసనా ఉండకూడదు."

"బెల్లమన్నా వేద్దునా?"

"ఏమీ వద్దు."

"ఇంక నేనేం చెయ్యాల?"

"ఏమీ చెయ్యొద్దు. అదే చేసుకుంటుంది" అంది జరీనా నవ్వి. మెట్లెక్కబోతూ మళ్ళీ వెనక్కి తిరిగింది. "అసలు సంగతి మర్చిపోయా. రేపు పొద్దున స్టవ్ వెలిగించకండి. కాఫీకి కూడా వద్దు. వనజ కడుపులో నాలుగు చెంచాలు నిలిచేదాకా ఇంట్లో మంటే ఉండకూడదు. మీరిద్దరూ బయట తినండి, లేకపోతే మా ఇంటికి రండి."

హనుమక్క తలూపింది. తలుపు మూసి, దానికే ఆనుకుని నిలబడిపోయింది.

ఎందుకంటారా? వాళ్ళ కదిరి వైపు ఇంట్లో పొయ్యి ముట్టించని రోజంటే ఒకటే అర్థం. గడపలో శవం ఉన్నరోజు. అప్పుడే పొయ్యి చల్లగా ఉంటుంది, అప్పుడే పక్కింటివాళ్ళు గిన్నెల్లో అన్నం తెచ్చి పెడతారు. హనుమక్క మొగుడు పిల్లప్ప పోయిన రోజు ఈ ఇంట్లో అలాగే జరిగింది. ఆ తర్వాత జ్వరమొచ్చినా, ఊరికి పోయే తొందరున్నా, పొద్దున్నే ఒక్కసారి మంట వెలిగించి కనీసం నీళ్ళైనా కాచకుండా ఆమె ఉండలేదు. ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా, ఆ కడుపే నిలుస్తుందో లేదోనని అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉండగా, చేతులారా పొయ్యి ఆర్పిపెట్టుకోవడమా? పైకి అనడానికి కూడా భయమేసింది. అంటే నిజమవుతుందేమో. కొడుకుతో చెప్పలేదు, కోడలితో అసలే చెప్పలేదు. నోరు మూసుకుని పడుకుంది.

ఆదివారం తెల్లవారింది. డిసెంబరు చలి కిటికీ సందులోంచి వస్తోంది. హనుమక్క లేచి ముఖం కడుక్కుని వంటింట్లోకి వచ్చేసరికి, చెయ్యి దానంతటదే స్టవ్ మీదికి పోయింది. పట్టుకుని వెనక్కి లాక్కుంది. పోనీ, ఒక్క క్షణం వెలిగించి ఆర్పేస్తే? శాస్త్రానికి సరిపోతుంది కదా. లైటరు చేతిలోకి తీసుకుంది కూడా. అవతల గదిలో వనజ మంచం కిర్రుమంది. ఆ టిక్కు చాలు, పిల్ల పొద్దు పాడవడానికి. హనుమక్క లైటరును మెల్లగా, చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"స్వామీ నరసింహా" అనుకుంది లోపల. "ఇది సావు పొయ్యి కాదు. తెలుసుకో."

ఫ్రిజ్ తెరిచి సీసా తీసింది. మూత తిప్పి లోపలికి చూసింది.

పాలు లేవు. నిన్న పైన తేలుతూ, వడ్రంగి దగ్గరి చెక్కపొట్టులా కనిపించిన గింజలూ లేవు. రెండూ కలిసి మూడోదేదో అయి కూర్చుంది. సీసా వంచి చూసింది. ఒలకలేదు, నింపాదిగా ఒక పక్కకు ఒరిగింది. చెంచా గుచ్చింది. వెన్నలో దిగినట్టు దిగింది.

హనుమక్క సీసాను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. బతుకంతా ఆమెకు తెలిసింది ఒకటే. గింజ మెత్తబడాలంటే నిప్పు కావాలి. పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఊదాలి, కలపాలి, పొంగకుండా కాపలా కాయాలి. కళ్ళు మండాలి, వేళ్ళు కాలాలి. అప్పుడుగానీ అన్నం కాదు. మరి ఇదేమిటి? చలిలో, చీకట్లో, తలుపు మూసిన పెట్టెలో, కలిపేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. తను అవతల గదిలో భయపడుతూ పడుకుని ఉంటే, ఇది ఎవరినీ ఏమీ అడక్కుండా పాలు కొంచెం కొంచెంగా తాగుతూ, ఉబ్బుతూ, తెల్లారేసరికి తిండి అయిపోయింది.

ఆ వెంటనే వనజ కడుపు గుర్తొచ్చింది. అక్కడా చీకటే కదా. అక్కడ మాత్రం ఎవరు గరిటె పెట్టి కలుపుతున్నారు? తల్లి నిద్రపోయినా, వాంతి చేసుకున్నా, గోడకు ఆనుకుని ఏడ్చినా, అది తన పని మానుకుందా? గోళ్ళు, రెప్పలు, చెవులు, అన్నీ దానంతటదే చేసుకుంటూ ఉండాలి ఈ నిమిషాన కూడా. హనుమక్కకు ఒళ్ళంతా జలదరించింది. తనూ ఒక బిడ్డను మోసింది, కన్నది. ఒక్కరోజైనా ఈ ఆలోచన రాలేదు. అప్పుడెక్కడి తీరిక? ఇంత వింత కడుపులో పెట్టుకుని ఊరందరికీ ఇడ్లీలు పోస్తూ తిరిగానా అనుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, పొగ కూడా లేకుండానే.

వనజ లేచి మంచం మీద కూర్చుంది. అలవాటుగా ముక్కు మూసుకుంది. కాసేపయ్యాక చెయ్యి తీసి గాలి పీల్చింది.

"ఏమత్తా, వాసన్లేమీ లేవు?"

"ఏమీ లేవు. దీన్ని చూడు" అంది హనుమక్క సీసా అందిస్తూ. మామూలుగా అయితే తిను తిను అని వెంటపడేది. ఇప్పుడు ఆ మాట నోటికి రాలేదు. అంత పని దానంతటదే అయ్యాక, మధ్యలో తను ఎవరు తొందరపెట్టడానికి?

వనజ చెంచా కొనతో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మంచం పక్కన తొట్టి సిద్ధంగా ఉంది, హనుమక్క దాని పక్కనే నేల మీద చతికిలబడింది. రెండో చెంచా. కాస్త ఆగి మూడోది. సీసా సగానికి వచ్చాక చాలని పక్కన పెట్టి వెనక్కి వాలింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఎప్పుడొస్తుందా, ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే. బయట చెత్తబండి పాట పాడుకుంటూ వచ్చి వెళ్ళిపోయింది. స్టేషన్లో రైలు కూసింది. శివ తలుపు దగ్గర నిలబడి, అమ్మను సైగతో అడిగాడు. హనుమక్క చెయ్యెత్తి, చప్పుడు చెయ్యొద్దంది. వాడు చెప్పులు చేత్తో పట్టుకుని కాఫీకి వీధి చివర దర్శిని హోటలుకు పోయాడు.

రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. వనజ ఊపిరి నెమ్మదించింది, తల పక్కకు వాలింది. నిద్రపోయింది. తొట్టి పొడిగా, అలాగే ఉంది. హనుమక్క దాన్ని చూస్తూ కూర్చుంది, గుళ్ళో కూర్చున్నట్టు. ఆ పొద్దు ఆమె కాఫీ తాగలేదు, పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. ఆ ఊసే గుర్తు రాలేదు.

ఎండ మంచం మీదికి వచ్చాక వనజ కళ్ళు తెరిచింది. కాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు. కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"అత్తా" అంది, తనకే నమ్మకం లేనట్టు, చిన్నగా. "ఆకలైతాండాది."

బండి దగ్గర ఆ మాట హనుమక్క ఎన్ని వేలసార్లు వినుంటుందో లెక్కలేదు. కూలీలు అన్నారు, మొగుడు అన్నాడు, కొడుకు అన్నాడు. విన్నప్పుడల్లా గరిటె పట్టుకుని లేవడమే, విసుక్కోవడమే. ఈసారి మాత్రం లేవలేదు. ఇంకోసారి అంటే బాగుండునని పిల్ల ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఎలాగో తేరుకుని, మిగిలిన సగం సీసా తెచ్చి చేతికిచ్చింది. వనజ మంచం మీద మఠం వేసుకుని కూర్చుని, ఈసారి చెంచా నిండా తీసుకుంది.

అప్పుడు మోగింది ఫోను. కదిరి నుంచి అక్క భాగీరథమ్మ.

"ఏమే హనుమీ, ఏం చేస్తాండావు? వంటయిందా?"

హనుమక్క కళ్ళు కోడలి చేతిలోని చెంచా మీదే ఉన్నాయి. "యాడ వంటక్కా" అంది అదే ధ్యాసలో. "ఈ పొద్దు మా ఇంట్లో పొయ్యే ముట్టించలే."

అవతల టీవీ చప్పుడు టక్కున ఆగిపోయింది. భాగీరథమ్మ గొంతు వణుకుతూ వచ్చింది. "ఎవరికే? ఎవరికేమయిందే హనుమీ? వనజకా? బిడ్డకా?"

అప్పటికిగానీ తను ఏమందో హనుమక్కకు తెలియలేదు. రాత్రంతా నోట రాకుండా పళ్ళ బిగువున పట్టుకున్న మాట అది. ఇంత సులువుగా అనేసింది, భయమే వెయ్యలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"ఎవరికీ ఏమీ కాలేదక్కా" అంది ఏడుస్తూ, నవ్వుతూ. "నా కోడలు తింటాండాది."