సోమవారం లోపల టార్చిలైటు

మా మనవరాలు నాగరాణికి తాండూరులో ఉద్యోగం వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే పని. మధ్యాహ్నం ఒంటిగంటకు డ్యూటీ ఎక్కితే రాత్రి తొమ్మిదికి దిగడం. వచ్చే సోమవారం చేరకపోతే జాబితాలో తరువాతి అమ్మాయిని పిలుస్తామని కచ్చితంగా చెప్పారు. రైలు లేదా అంటారేమో, తొమ్మిది దాటాక వికారాబాదులో ఇంటికి రావడానికి ఆ పిల్లకు కుదిరే బండి లేదు. ధారూర్ మీదుగా రోడ్డు ఉంది, ఇంట్లో కారు ఉంది, నడపడం వచ్చు. నేర్పింది ఎవరంటే స్వయానా మొగుడే. లైసెన్సు వచ్చిన రోజు వాడకట్టంతా మిఠాయి పంచింది కూడా అతనే.

మరి అడ్డమేమిటి? టార్చిలైటు.

మనవరాలి పెనిమిటి నవీన్‌కుమార్ మంచివాడు. బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. పెళ్లాన్ని ఉద్యోగానికి పోవద్దనే రకం కాదు. అననే అనలేదు.

"పో, ఎవరొద్దన్నరు? గని కార్ల ఒక మంచి టార్చి ఉండాలె. ఏదన్న అయితే ఫోన్ లైటు సాలది, గదే అక్కరకొస్తది. గది లేకుంట నిన్ను ధారూర్ రోడ్డు మీదకు పంపియ్య," అన్నాడు.

ఎంత న్యాయమైన మాట! మోకాళ్ల మందు కోసం కుల్కచర్ల నుంచి వచ్చి వాళ్లింట్లోనే ఉన్నాను కదా, నా చెవులతో విని మురిసిపోయాను. అది పదిహేను రోజుల కిందటి మాట. పదిహేను రోజుల్లో మా కాలంలో సంబంధం చూసి, లగ్గం పెట్టుకుని, పప్పన్నం తిని చేయి కడుక్కునేవాళ్లం. ఈయన ఒక టార్చి ఏరలేకపోయాడు.

ప్రయత్నం చెయ్యలేదని కాదు. పార్సిళ్లు వచ్చాయి. మొదటిదానికి అద్దం పగలగొట్టే సుత్తి, బెల్టు కోసే కత్తి, ఆపదలో అరవడానికి సైరను ఉన్నాయి. సైరను నొక్కి చూశాడు. పక్కింటి లక్ష్మమ్మ చీపురుతో సహా పరుగెత్తుకొచ్చింది. అది మరీ గోల అని వాపసు పంపాడు. రెండోదాని వెలుగు ఎంతంటే, సాయంత్రం దొడ్డి వైపు వేస్తే కోడిపుంజు కూసింది. కళ్లు పోతాయని అదీ వాపసు. మూడోది చార్జింగుది. ఎండలో కారు కాగితే పేలుతుందని ఎవరో ఫోనులో రాశారట. ఆ రాసినవాడు ఎవడో, ఏ ఊరివాడో, వాడి మాట మీద మా పిల్ల ఉద్యోగం వేలాడుతున్నది.

"అమ్మమ్మా, గిది చూడు. దీనికి నాలుగువేల మంది బాగుందన్నరు. పన్నెండు మంది బాగలేదన్నరు," అంటాడు నాతో.

"మరి తీసుకో నాయనా."

"గా పన్నెండు మందికి ఏమైందో తెల్వాలె కదా!"

శుక్రవారం వచ్చేసరికి నాగరాణి అన్నం కలుపుకుని తినకుండా కూర్చున్నది. నేను మెల్లగా అడిగాను. "ఏం బిడ్డా?"

"గీయన టార్చి ఎతుకుతలేడు అమ్మమ్మా. సోమారం దాటేదాంక దినాలు ఎల్లదీస్తున్నడు."

నాకు అప్పుడు గాని తలకెక్కలేదు. వద్దన్నవాడితో కొట్లాడొచ్చు. సరే అంటూ కూర్చున్నవాడితో ఏమని కొట్లాడతాం?

శనివారం నేనే లేచాను. "నడువుండ్రి తాండూరుకు. టార్చి నేను ఏరుత," అన్నాను.

నవ్వొద్దు. మా ఆయన బీరన్న ఉన్నన్నాళ్లు గొర్రెల మంద వెనుకే మా బతుకు. కోట్‌పల్లి చెరువు కింది పొలాల నుంచి కొడంగల్ దాకా రైతుల చేలల్లో మంద కట్టి పడుకునేవాళ్లం. తోడేలు వచ్చినా, దొంగ వచ్చినా, గొర్రె ఈనినా మాకు దిక్కు టార్చే. నాలుగువేల మందిని అడగకుండానే కొనేవాళ్లం.

కారు నాగరాణి నడిపింది. నవీన్ పక్కన కూర్చుని ప్రతి గుంతకూ తానే బ్రేకు వేసినట్టు కాలు తొక్కుతూ వచ్చాడు.

తాండూరు బజారులో భీమయ్య కరెంటు సామాన్ల దుకాణం. ఎవరో బేరగాడితో కన్నడంలో మాట్లాడుతున్నవాడు మమ్మల్ని చూసి తెలుగులోకి దిగాడు. అరడజను టార్చీలు బల్ల మీద పరిచాడు. నవీన్ ఫోను తీశాడు.

"దీనికి ల్యూమెన్లు ఎన్ని?"

"చీకట్ల కనవడుతది సార్. గన్ని."

"నీళ్లల్ల మునిగితే పన్జేస్తదా?"

"కారు నీళ్లల్ల మునిగినంక ఏం జూస్తరు సార్, చేపలనా?"

వాళ్ల మాటలు వాళ్లవి. నేను ఒక్కో టార్చి తీసి పళ్ల మధ్య పట్టుకుని చూడసాగాను. భీమయ్య హడలిపోయాడు.

"అవ్వా! గది చెరుకుగడ కాదే!"

"నాకెరుకే," అన్నాను. "గొర్రె ఈనేటప్పుడు రెండు చేతులు పిల్ల మీదనే ఉంటయ్. లైటు నోట్లె పట్టాలె. కారు చక్రం ఇప్పేటప్పుడు మాత్రం మూడో చెయ్యి మొలుస్తదా?"

బరువుది పక్కన పెట్టాను. నున్నగా జారేది పక్కన పెట్టాను. మీట బొటనవేలికి దొరకనిది, ఒక్క నొక్కుకు వెలగక మూడుసార్లు మినుకుమినుకుమనేది, అన్నీ పోయాయి. మిగిలింది ఒకటి. రెండు సెల్లుల టార్చి, గరుకు ఒళ్లు, ఒకటే మీట. సెల్లులు కుల్కచర్ల కిరాణా కొట్టులో కూడా దొరికేవి. దాన్ని నేల మీద పడేశాను. భీమయ్య కళ్లు మూసుకున్నాడు. తీసి నొక్కితే వెలిగింది.

"గిదే," అన్నాను.

నవీన్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. దొరకనందుకు ముఖం చిన్నబోయింది. "సరే, తీసుకుందం. గని రేపు ఇంట్ల టెస్టు చేస్త. పాసైతెనే," అన్నాడు. బడిపంతులు కదా.

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ నేను చేసిన పని చెబుతాను. టార్చి వెనుక మూత తిప్పి, ఒక సెల్లును తలకిందులుగా వేసి, మళ్లీ మూసి, కారులో ముందు అరలో పెట్టాను. మా ఇళ్లల్లో అందరూ అంతే. పగలు గొంగడి మూటలో టార్చి ఒత్తుకుపోయి దానంతటదే వెలుగుతుంది. పొద్దుగూకేసరికి సెల్లులు చచ్చి ఊరుకుంటాయి. అందుకని పగలు ఒక సెల్లు తిప్పి ఉంచుతాం, చీకటి పడితే సరిగా వేసుకుంటాం. ఇది ఒకరికి చెప్పాల్సిన సంగతి అని కూడా నాకు తోచదు. చెంబు బోర్లించినట్టే చేశాను, మరిచాను.

పది గంటలకు నవీన్ మమ్మల్నిద్దరినీ బియ్యం మూటలు పెట్టే గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కిటికీ లేని గది, చిమ్మచీకటి. టార్చి తెచ్చి నొక్కాడు.

వెలగలేదు.

మళ్లీ నొక్కాడు. అరచేతిలో కొట్టాడు. "చూసిండ్రా? అయిపాయె! ఒక్క దినం గూడ ఆగలే," అన్నాడు. గొంతులో బాధ కంటే నిమ్మళమే ఎక్కువ వినిపించింది. ఏమైందో చూద్దామని తన ఫోను లైటు వేశాడు. ఫోను లైటు చాలదనే కదా తండ్రీ పదిహేను రోజులుగా మా ప్రాణాలు తీస్తున్నావు!

నాకప్పుడు గుర్తొచ్చింది. చెబుదామని నోరు తెరిచేలోగా నాగరాణి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. దానికీ తెలిసిపోయిందన్నమాట. ఎండాకాలం సెలవులన్నీ నా గొంగడిలో పడుకున్న పిల్ల. నవీన్ వాళ్లదీ మా కులమే గాని, వాళ్ల తాతనాడే గొర్రెలు అమ్ముకుని పట్నం చేరారు. అతనికి సెల్లు సంగతి ఎక్కడిది?

"ఆసుపత్రోల్లకు ఫోన్ చెయ్ నాగా," అంటున్నాడు అతను మెత్తగా. "ఇంకో నౌకరి దొరకదా? నువ్వే ఆలోచించు. కోట్‌పల్లి మలుపు కాడ కారు ఆగింది, లైటు ఎలగలే, ఒక్కదానివే ఉన్నవ్. ఏం జేస్తవ్?"

"ఉన్ననే అనుకో. ఫోన్ ఆపు," అంది నాగరాణి.

ఆపాడు. చీకట్లో మూత తిరిగిన చప్పుడు. సెల్లు జారిన చప్పుడు. మూత బిగిసిన చప్పుడు. పది అంకెలు లెక్కపెట్టేలోగా లైటు వెలిగి సరిగ్గా అతని ముఖం మీద పడింది. జాతరలో అమ్మ చేయి వదిలేసిన పిల్లవాడిలా ఉన్నాడు.

"గిది చేస్త," అంది.

"ఎట్లయింది?"

"ఒక సెల్లు తలకిందులున్నది. అమ్మమ్మ ఏసింది. మా ఇంట్ల గంతే."

నా వైపు తిరిగాడు. "అమ్మమ్మా! నువ్వే చెడగొట్టినవా?"

"చెడగొట్టలే నాయనా. అరిగిపోకుంట ఆపిన," అన్నాను.

"మరి తెలిసి గూడ ఇంతసేపు ఎందుకు చెప్పలే నాగా?"

"నువ్వు చెప్పినవా బావా?"

"నేనేం చెప్పలే?"

"భయమైతున్నదని. పదిహేను దినాల సంది టార్చి, టార్చి అంటవు. ఒక్కపారన్న గా మాట అన్నవా?"

నవీన్ బియ్యం మూట మీద కూర్చున్నాడు. "అయితున్నది," అన్నాడు చివరికి. "మస్తు అయితున్నది. పోవద్దంటే నామోషీ, పొమ్మంటే పాణం ఒప్పుతలేదు. నువ్వు ఇంటికొచ్చేదాంక నాకు బుక్క దిగది."

"నాకు మాత్రం గాదా? ఒక్కదాన్నే రావాలంటే నాకూ గుండె దడదడ అంటది. అయినా పోవాలె అనుకున్న." నాగరాణి చెయ్యి చాచింది. "భయం నీ దగ్గర ఉంచుకో బావా. తాళంచెవి ఇటియ్యి."

ఇచ్చాడు. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం.

సోమవారం పొద్దున పదకొండున్నరకు నాగరాణి వెళ్లింది. నవీన్ బడికి సెలవు పెట్టి గడప మీద కూర్చున్నాడు. పావుగంటకు ఫోను పట్టుకుని నా పక్కన చేరాడు. కారు చక్రానికి గాలి కొట్టే చిన్న మిషన్లట. మంచిది ఒకటి కారులో ఉండి తీరాలట. "దీనికి ఆరువేల మంది బాగుందన్నరు అమ్మమ్మా. గని ఒకాయన మూడు నెలలకే ఖరాబైందని రాసిండు. ఏమంటవు?"

"తొందర ఎందుకు నాయనా? నిమ్మళంగా చూసి మంచిదే ఏరుకో," అన్నాను.

పిల్ల అప్పటికే ధారూర్ చేరి ఉంటుంది.