వర్నా అయింది

అట్ట మీద బొటనవేలితో ఒకసారి నిమిరి, లోపలి ముడతలు ఎటు పారుతున్నాయో చూసుకుని, అప్పుడు గాని కత్తి పెట్టదు వర్నా డీడ్రిక్. ఇన్నేళ్ళ పనిలో ఆ వేలు బండబారిపోయింది. మనిషి పొట్టి. భుజాలు ముందుకు వంగిపోయి ఉంటాయి. నెరిసిన జుట్టులో ఎప్పుడూ అట్టపొడి. ఫాక్స్ నది ఒడ్డున ఉన్న ఈ పెట్టెల ఫ్యాక్టరీలో నమూనాలు కోసే బల్ల ఆమెది. ఆమె కోసి, మడిచి ఇచ్చిన పెట్టెను పక్కనున్న నొక్కుడు యంత్రంలో పెట్టి, ఎంత బరువుకు కూలుతుందో చూడడం లైల్ పని.

"ఇవాళైనా నిలబడుతుందా తల్లీ, లేక మళ్ళీ వర్నాయేనా?" అన్నాడు లైల్, కాఫీ కప్పుతో వచ్చి.

"నీ పని నువ్వు చూసుకో," అంది ఆమె తలెత్తకుండా.

ఆ మాట సంగతి చెప్పాలి. ఈ ఫ్యాక్టరీలో కొత్త పెట్టె ఎవరు కడితే దానికి వాళ్ళ పేరే పడుతుంది. హెరాల్డ్ పోయి ఎంత కాలమైందో, గుడ్ల పెట్టెను ఇప్పటికీ 'హెరాల్డ్' అనే అంటారు. వర్నా ఈ బల్ల దగ్గరికి వచ్చిన కొత్తలో చెర్రీపళ్ళ సీసాల కోసం ఒక పెట్టె కట్టింది. ఒక్కో అట్టలోంచి ఒక పెట్టె ఎక్కువ వస్తుందని ఆశపడి, నిలువుగా ఉండాల్సిన ముడతల్ని అడ్డంగా తిప్పింది. అట్ట బలమంతా ఆ నిలువు ముడతల్లోనే ఉంటుంది. ఇంకేముంది, గోదాములో అడుగు వరస పెట్టెలు చతికిలబడ్డాయి, పైవన్నీ వాటి మీదికి దిగాయి, ఎర్రటి రసం తలుపు కింద నుంచి రోడ్డు మీదికి పారింది.

ఆ రోజు నుంచి ఏది కూలినా 'వర్నా అయింది' అనడం మొదలుపెట్టారు. కుర్చీ విరిగితే వర్నా అయింది. ఆదివారం మ్యాచ్ ఓడిపోతే మనవాళ్ళు వర్నా అయ్యారు. లైల్ పెళ్ళాం వెళ్ళిపోతే అతని కాపురం కూడా వర్నాయే. ఒక చలికాలం మంచు బరువుకు తన కారు షెడ్డు కూలితే, "షెడ్డు వర్నా అయింది, ఇవాళ రాలేను" అని ఫోన్‌లో ఆమే అనేసింది. వారం రోజులు చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. ఏం మనుషులో! ఒక్కరికైనా అయ్యో అనిపించలేదు.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ మాట పోవాలి. పోవాలంటే తన చేతి పెట్టె ఒకటి నిలబడాలి, దానికి తన పేరు పడాలి. అప్పుడు వర్నా అంటే కూలేది కాదు, నిలిచేది అవుతుంది.

ఇవాళ్టి పెట్టె కూడా ఆ చెర్రీ కంపెనీకే. చెమ్మ పట్టిన గోదాములో పెట్టెలు నడుం వంచేస్తున్నాయని వాళ్ళ గోల. వర్నా శీతాకాలమంతా ఇంట్లో వంటింటి బల్ల మీద అట్టలు మడిచింది. చివరికి, పక్కన మిగిలే అంచును నరికి పారెయ్యకుండా, నాలుగు మూలల్లోనూ లోపలికి రెండు మడతలు తిప్పింది. జిగురు లేదు, పిన్ను లేదు. ఏ మూలకామూల అట్టే గుంజలా నిలుచుంటుంది.

పరీక్షకు మేనేజర్ హాగెన్ వచ్చాడు. వెంట ఆర్డర్లు తెచ్చే డ్వేన్. యంత్రం పై పలక మెల్లగా దిగి పెట్టెను తాకింది. మామూలు పెట్టెలు కూలే చోటును బరువు చూపే ముల్లు దాటింది. లైల్ బబుల్ గమ్ నమలడం ఆపేశాడు. ముల్లు పాకుతూనే పోయింది. పెట్టె ఒకసారి మూలిగి ఊరుకుంది. నొక్కలేక యంత్రమే ఆగింది.

"మెషిన్‌కేదో రోగమొచ్చింది," అని లైల్ ఆ పెట్టె తీసి మామూలు పెట్టె పెట్టాడు. అది పలక దిగీ దిగకముందే అణిగిపోయింది.

"వర్నా," అన్నాడు అలవాటు కొద్దీ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వర్నా చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. పొద్దుటి నుంచి గుండెల్లో బరువుగా ఉంది, కాఫీ పడలేదేమో అనుకుంది. "మరి పేరు?" అని అడిగింది.

హాగెన్ గడ్డం గోక్కున్నాడు. "చూడు వర్నా, పెట్టె బ్రహ్మాండం. కాదన్నవాడెవడు? కానీ నీ పేరు ఎలా పెడతాం చెప్పు? వర్నాలు వస్తున్నాయంటే లారీ దగ్గర సగంమంది పారిపోతారు."

"వర్నాలు పంపండి అంటే కూలినవి పంపాలా, నిలిచినవి పంపాలా?" అన్నాడు లైల్. ఈసారి అందరూ పగలబడి నవ్వారు.

"మీరు ఒక్క మాట గట్టిగా చెబితే మానేస్తారు హాగెన్ గారూ."

"నోళ్ళకు తాళాలేస్తానా? ఆర్డర్ తెచ్చింది డ్వేన్ కదా, 'డ్వేన్' అందాం. నోటికీ బాగుంది."

"అయ్యో, నాకెందుకండీ," అంటూనే డ్వేన్ మురిసి ముక్కలయ్యాడు.

వర్నా తన బల్ల దగ్గరికి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, చేతుల మీద తల వాల్చింది.

"అలిగింది," అన్నాడు డ్వేన్, భోజనానికి లేస్తూ.

"అలగనీ. ఆకలేస్తే అదే లేస్తుంది," అన్నాడు లైల్. పోతూ పోతూ ఆమె చెవి పక్కన బల్ల మీద అట్టముక్కతో ఫట్‌మని కొట్టాడు. ఆమె కదల్లేదు. "అబ్బో, బాగానే కోపమొచ్చింది!" అన్నాడు.

మధ్యాహ్నం ఎవరో ఆమె నెత్తి మీద చిన్న పెట్టె ఒకటి బోర్లించారు. అటు పోయేవాళ్ళూ ఇటు పోయేవాళ్ళూ చూసి నవ్వుకున్నారు. పని దిగే వేళకు ఊడ్చే మార్గీ వచ్చి, "చాల్లే ఇక, ఇంటికి పద వర్నా," అంటూ ఆ పెట్టె తీసింది. చెంప తాకి చూసింది. చల్లగా తగిలింది.

అప్పుడే కోటు వేసుకుంటూ లైల్ గుమ్మంలోకి వచ్చాడు. మార్గీ అతని వైపు తిరిగింది. "వర్నా... వర్నా అయి..." అంది.

"ఏ పెట్టె?" అన్నాడు లైల్.

అంత్యక్రియలయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో హ్యామ్ శాండ్‌విచ్‌లు తింటూ అందరూ ఆమెను తెగ మెచ్చుకున్నారు. పాపం, ఎవరి జోలికీ పోయేది కాదన్నారు. సోమవారానికి ఆ మాట మళ్ళీ పనిలోకి దిగింది.

మంచు కరిగాక ఆ బల్లకు జోలీన్ అనే ఆవిడ వచ్చింది. ఆమె కోసిన మొదటి పెట్టె యంత్రంలో అణిగిపోగానే వెనక నుంచి ఎవరో "వర్నా!" అన్నారు.

"వర్నా అంటే ఏంటి?" అని అడిగింది.

"కూలిందని. మన పనిలో మాట," అన్నాడు డ్వేన్.

"ఎక్కడి మాట అది?"

"జర్మన్ అనుకుంటా."

లైల్ తలెత్తి పైకి చూశాడు. యంత్రం మీద ట్యూబ్‌లైట్ పోయి వారమైంది, మార్చాలి. "ఆ డ్వేన్ ఇలా జరుపు," అన్నాడు. పరీక్ష నాటి నుంచి గోడవారన పడి ఉన్న పెట్టెను జోలీన్ కాలితో నెట్టింది. లైల్ అంత లావు మనిషీ బూట్లతో దాని మీదికెక్కి, మునివేళ్ళ మీద లేచి, పాత లైటు ఊడబీకి కొత్తది బిగించాడు. పెట్టె మూలలు ఇసుమంతైనా వంగలేదు.