దొంగ ఊపిరి

"మధ్యలో ఊపిరి అందకపోతే? అంతమంది ముందు కుప్పకూలిపోతే? అప్పుడెవరండీ బాధ్యులు?"

పాటల టీచరు ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా లేదు. పిట్ట తల్లి మాత్రం అప్పటికే కూతుర్ని మనసులో వేదిక మీంచి పడేసి, ఆస్పత్రిలో చేర్పించి, మంచం పక్కన కూర్చుని ఏడవడం కూడా మొదలుపెట్టేసింది.

నిజానికి టీచరు తెచ్చింది మంచి కబురు. ఏడాది చివర చుట్టుపక్కల ఊళ్ల బడిపిల్లల బృందాలూ, పెద్దవాళ్ల బృందాలూ అన్నీ కలిసి పెద్ద హాల్లో ఒకే పాట పాడతాయి. అందులో మొదటి పాదం ఒక్క పిల్లే ఎత్తుకోవాలి. ఆ పిల్ల పిట్ట.

పిట్టకు చిన్నప్పుడు ఉబ్బసం. ఛాతీలో పిల్లికూతలు వినిపించి ఏళ్లయింది. "ఇంక భయం లేదమ్మా" అని డాక్టరు కూడా అన్నాడు. కానీ ఆ తల్లికి భయం లేదన్న మాట వింటేనే అసలు భయం.

మర్నాడు ఆవిడ ఒక్కతే బడికెళ్లి, ఆ పాదం ఇంకెవరికైనా ఇమ్మని టీచరు కాళ్లావేళ్లా పడింది. "నేను చెప్పానని మాత్రం దానికి చెప్పకండి" అంది. ఆ పాదం మందుల షాపాయన కూతురికి వెళ్లింది. వద్దన్నది అమ్మేనన్న సంగతి సాయంత్రానికల్లా పిట్ట చెవిన పడింది.

పిట్ట ఏడిచినా, అరిచినా తల్లికి దారి తెలిసేది. పిట్ట ఏమీ చెయ్యలేదు. మాట్లాడటం మానేసింది, అంతే.

"నాన్నా, రేపు ప్రాక్టీసుంది, ఆలస్యమవుతుందని అమ్మకి చెప్పు."

అమ్మ అక్కడే, గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమండీ, స్వెట్టరు వేసుకెళ్లమని దానికి చెప్పండి."

తండ్రి బస్సు కండక్టరు. "పొద్దుట్నించీ బస్సులో అరిచి ఇంటికొస్తే ఇక్కడా డ్యూటీయేనా! ఇద్దరికీ చెరో టికెట్టు కొడతాను, ఒకే సీట్లో కూర్చుని తేల్చుకోండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

రోజూ పొద్దున గుమ్మం దగ్గర తల్లి అడిగేది, "ఊపిరి బాగానే ఆడుతోందా తల్లీ?" అని. మెట్ల మీద చెప్పుల చప్పుడు తప్ప జవాబుండేది కాదు.

ఆవిడ పని ఆస్పత్రి బట్టలు ఉతికే చోట. ఆవిరి పట్టిన గదిలో, ఆ చివర గంటక్కా ఈ చివర తనూ దుప్పటి పట్టుకుని, లాగి, దులిపి, దగ్గరికొచ్చి అంచుకు అంచు కలపాలి. గంటక్క నవ్వితే గిన్నెలు మోగుతాయి, అందుకే ఆ పేరు.

"మా పెద్దవాళ్ల బృందంలో చేరవే. చివర్లో పిల్లలూ మేమూ ఒకే వేదిక మీద కదా" అంది గంటక్క.

"నాకు గొంతెక్కడిదక్కా?"

"దుప్పటి మీద మరక కనబడితే మూడో అంతస్తు దాకా పెడతావే కేక, అది గొంతు కాదా?"

పాట కోసం కాదు గానీ, పిల్ల పడిపోతే పట్టుకునేంత దూరంలో ఉండొచ్చని చేరింది. సంచిలో ఎప్పుడూ పీల్చే మందు ఉండేది.

బడి హాల్లో పిల్లల సాధన అయ్యాక పెద్దవాళ్లది. పాట చివర ఒక పొడుగాటి స్వరం ఉంది. టీచరు చెయ్యి మూసేదాకా అది తెగకూడదు. "అంతసేపు ఎవరి ఊపిరీ చాలదు, చాలక్కర్లేదు. పక్కవాళ్లు పాడుతుండగా గుట్టుగా తీసుకోండి. ఇద్దరూ ఒకేసారి తీస్తే మాత్రం పాటకు చిల్లు పడుతుంది. మోచెయ్యి తాకారంటే, నువ్వు తీసుకో, నేను పట్టుకున్నానని అర్థం" అంది టీచరు. పిల్లలకూ అదే నేర్పింది. రెండు బృందాల్లోనూ దానికి దొంగ ఊపిరి అని పేరు.

పిట్ట తల్లికి దొంగతనం చేతకాలేదు. ఎక్కడ తెగిపోతుందోనని మొహం కందిపోయేదాకా బిగబట్టి నిలబడేది.

"ఓసి పిచ్చిదానా, ఇది పాటే, ఎక్స్‌రే కాదు. వదులు!" అని గంటక్క వీపు మీద ఒక్కటిచ్చింది.

చలి మొదలయ్యేసరికి ఆవిడకే వింతగా ఒక సంగతి తెలిసొచ్చింది. తనకు పాటకన్నా ముందు ఊపిర్లు వినిపిస్తున్నాయి. ఏళ్ల తరబడి ఓ చిన్న ఛాతీకి చెవి ఒగ్గి కూర్చున్న మనిషి. ఎవరి గొంతు అంచు పలచబడుతోందో, ఎవరికి ఇంకో క్షణంలో ఊపిరి చాలదో ఆ చెవి ఇట్టే పట్టేసేది. వెంటనే మోచెయ్యి తాకేది.

"నాకు తెలియకముందే నా ఊపిరి సంగతి నీకెలా తెలిసిందమ్మాయ్?" అన్నాడు పక్కనుండే పోస్ట్‌మాన్.

"భయం నేర్పిన విద్యండీ బాబాయిగారూ."

ఏడాదంతా పాడుతూనే ఉన్నారు. కారే కప్పు కింద లైబ్రరీలో పాడారు. ఆస్పత్రి నడవాలో పాడితే సెలైన్ స్టాండు తోసుకుంటూ రోగులు గుమ్మాల్లోకొచ్చారు. బస్టాండులో పాడిన రోజు పిట్ట తండ్రి పాట అయ్యేదాకా విజిలు ఊదలేదు. బస్సు ఆలస్యమైందని ఒక్కరంటే ఒక్కరు విసుక్కోలేదు.

పిల్లల వరసలో పిట్ట గొంతు ఎక్కడున్నా తల్లికి తెలిసేది. ఆ గొంతులో ఎక్కడా పిల్లికూత లేదు. ఒకరోజు ఆగలేక టీచరు దగ్గరికెళ్లింది.

"ఆ మొదటి పాదం మళ్లీ మా పిల్లకివ్వండమ్మా. బుద్ధి గడ్డి తిని వద్దన్నాను."

"ఇన్నాళ్లూ ఆ పిల్ల సాధన చేసింది. దాని నోటి దగ్గరది లాక్కోమంటారా?"

తల్లి గుమ్మం వైపు తిరిగింది. టీచరే ఆపింది.

"ఒక పని చెయ్యండి. పిల్లలు కంగారుపడితే అందరూ ఒక్కసారే ఊపిరి తీస్తారు. ఆ రోజు మీరు వాళ్ల వెనక వరసలో నిలబడండి."

అలా ఆ రోజు పిట్ట వెనకే నిలబడింది. హాలు కిటకిటలాడుతోంది. తలుపులు ఎటున్నాయో, పిల్లని ఎత్తుకుని ఏ దారిన పరిగెత్తాలో ముందే చూసి పెట్టుకుంది. మందుల షాపాయన కూతురు మొదటి పాదం చక్కగా పాడింది. పిట్ట భుజాలు కొంచెం వంగడం వెనకనుంచి తల్లి చూసింది.

పాట చివరికొచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఆ పొడుగాటి స్వరాన్ని ఎత్తుకున్నాయి. టీచరు చెయ్యి పైకి లేచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

కటిక చీకటి. మైకులు మూగబోయాయి. టీచరు చెయ్యి మూసిందో లేదో ఎవరికి తెలుసు? అందుకని ఎవరూ ఆపలేదు.

కాసేపటికి ముందు వరసలో గొంతులు వణకడం తల్లికి వినిపించింది. పిల్లలందరి ఊపిరీ ఒక్కసారే అయిపోవస్తోంది. అందరికన్నా ముందు పిట్టది. చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్లింది. మందు చేతికి తగిలింది. పిల్లని వెనక్కి లాగెయ్యడానికి ఒక్క క్షణం చాలు.

సంచి వదిలేసింది. చీకట్లో పిట్ట మోచెయ్యి వెతికి తాకింది. నువ్వు తీసుకో, నేను పట్టుకున్నాను. తన గొంతు పెంచింది. పిట్ట ఊపిరి తీసుకుంది. పక్క పిల్ల మోచెయ్యి తాకింది, ఆ పిల్ల ఇంకో పిల్లను. చీకట్లో ఆ తాకిడి వరస పొడుగునా పాకిపోయింది. స్వరం తెగలేదు, ఇంకా చిక్కబడింది.

అప్పుడు ఓ చిన్న చెయ్యి వెనక్కొచ్చి తల్లి మోచేతిని తాకింది. ఇప్పుడు నువ్వు తీసుకో.

ఆవిడ ఊపిరి తీసుకునేలోపే, మైకు లేకుండా, ఒక్క గొంతు ఆ చీకటి మీదికి లేచింది. పాట మొదటి పాదం. పిట్ట! రెండో మాటకు మందుల షాపాయన కూతురు అందుకుంది. మూడో మాటకు పిల్లలంతా, తర్వాత గంటక్క గంటలాంటి గొంతూ, పోస్ట్‌మానూ, ఆనక కుర్చీల్లో జనమూ. దీపాలు వచ్చేసరికి హాలంతా లేచి నిలబడి పాడుతోంది. టీచరు చేతులు ఆడించడం మానేసి కళ్లు తుడుచుకుంటోంది. చప్పట్లకు కిటికీ అద్దాలు అదిరాయి. తల్లి కూడా ఎగిరెగిరి చప్పట్లు కొట్టింది. సంచి ఎక్కడ పడిపోయిందో చూసుకోనే లేదు.

తిరుగు బస్సులో కండక్టరు పిట్ట తండ్రే. తల్లీకూతుళ్లను ఒకే సీట్లో కూర్చోబెట్టి, అన్నమాట ప్రకారం చెరో టికెట్టు చేతిలో పెట్టాడు. ఊపిరి సంగతి అడగబోయి తల్లి నాలిక కరుచుకుంది. కొంతదూరం వెళ్లాక మెల్లిగా అంది.

"అంత చీకట్లో... భయమెయ్యలేదుటే?"

పిట్ట కిటికీలోంచి బయటికి చూస్తోంది. బస్సు ఒక స్టాపు దాటింది. రెండోదీ దాటింది. వెనక సీట్లో గంటక్క కూడా నవ్వు ఆపుకుని కూర్చుంది. తండ్రి ఉండబట్టలేక దగ్గరికొచ్చాడు.

"అమ్మ ఏదో అడుగుతోందే. ఏం చెప్పమంటావు?"

"నువ్వుండు నాన్నా, నేనే చెప్తా." పిట్ట ఇటు తిరిగింది. "భయమెందుకమ్మా? వెనకాల నీ ఊపిరి వినిపిస్తూనే ఉందిగా. కానీ రెండుసార్లు మరీ గట్టిగా తీశావు. అది దొంగ ఊపిరి కాదు, పట్టపగటి దోపిడీ."